మామయ్యకి తొంభై చాలు

"గొట్టం ఇప్పుడే వద్దమ్మా. ముందు మాస్కుతోనే ప్రయత్నిద్దాం."

డాక్టరమ్మ తలుపు తోసుకుని వచ్చి ఈ మాట అనేసరికి, వరండాలో బెంచీ మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ముగ్గురికీ పోయిన ప్రాణాలు లేచొచ్చాయి. అత్తగారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది. కొడుకు లేచి నిలబడి, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు. కొత్తకోడలు మాత్రం ఎవరూ చూడకుండా అతని చిటికెనవేలు పట్టుకుని గట్టిగా నొక్కింది. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. మంచి మాట ఏది చెవిన పడినా ముందు ఆ వేలు నొక్కడం ఆమెకి అలవాటైపోయింది. వంటింటి కుళాయి కారడం ఆగిన రోజు కూడా నొక్కింది.

"అంటే గండం గడిచినట్టేనా డాక్టరుగారూ?" అన్నాడు కొడుకు.

"గడవలేదు. గడిచే దారి కనబడింది, అంతే. మీ నాన్నగారు పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు, చెప్పింది అర్థం చేసుకుంటున్నారు, గట్టిగా దగ్గగలుగుతున్నారు. ఈ మూడూ ఉన్నంతసేపు గొంతులోకి గొట్టం వెయ్యకుండా మాస్కుతోనే ఒడ్డున పడెయ్యొచ్చు. కానీ ఆ మాస్కు మొహం మీద ఉండాలిగా? పెట్టిన ప్రతిసారీ పీకేస్తున్నారు."

"నొప్పి పెడుతోందా పాపం?" అంది అత్తగారు చేతులు దించి.

"నొప్పి కాదు. మాట్లాడాలిట."

బెంచీ మీద ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంత భయంలోనూ కోడలికి ఫక్కున నవ్వొచ్చి, దాన్ని దగ్గుగా మార్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

మామగారిని వీధి వీధంతా 'రేడియో' అనే పిలుస్తుంది. ఆయన వడ్రంగి. చేతిలో ఉలి ఆడుతున్నంతసేపూ నోరు ఆడేది. ఉలి పక్కన పెట్టాక నోటికి మరింత తీరిక దొరికింది. వార్తలు, వాతావరణం, ఎవరింట్లో ఏ కుర్చీకి ఏ కాలు కుంటిదో ఆ సంగతి, అన్నీ ఆయన దగ్గరే. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో తను నోరు విప్పే సందు ఎప్పుడు దొరుకుతుందా అని ఆలోచించింది. తర్వాత ఆ ఆలోచన మానేసి వినడం మొదలుపెట్టింది. వినడం కూడా బాగానే ఉంది.

రంపపు పొట్టు, సిగరెట్లు కలిసి ఆయన ఊపిరితిత్తుల్ని ఎప్పుడో నమిలేశాయి. ఇంట్లో ఆయన మంచం పక్కన ఆక్సిజన్ మిషను, దానికో మీట. ఎంత మీద పెట్టాలో అంత మీదే పెట్టాలని ఆస్పత్రివాళ్లు చెప్పి పంపారు. ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. అత్తగారేమో చేతికి అడ్డూ ఆపూ లేని మనిషి. ఆవిడ వడ్డిస్తుంటే వద్దు అన్న మాటకి విలువే ఉండదు. "ఇంకాస్త, ఈ ఒక్కటీ" అంటూ కంచం నింపేస్తుంది. మొగుడికి జలుబు చేసి ఆయాసం పెరిగితే ఆవిడ చెయ్యి ఊరుకుంటుందా? ఇంకాస్త, ఇంకాస్త అంటూ మీట తిప్పుతూ పోయింది. గాలే కదా, అజీర్తి చేస్తుందా అనుకుంది.

చేసింది. ఈ రోజు పొద్దున్న ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అది మొదట కనిపెట్టింది కోడలే. వెళ్లి చూస్తే మామగారు కూర్చున్న చోటే తూలుతున్నారు, పెదాలు మాత్రం కదులుతున్నాయి, మాటలు ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోతున్నాయి. రేడియో స్టేషను తప్పింది. అంబులెన్సు వచ్చేలోపు అత్తగారు మీటను మరో పిసరు తిప్పింది కూడా.

ఇప్పుడా విషయం ఆవిడ కడుపులో దాగలేదు.

"నేనే చంపుకున్నానమ్మా ఆయన్ని. ఆ మీట తిప్పింది నేనే," అంది డాక్టరమ్మతో, ఏడుస్తూ.

డాక్టరమ్మ వెళ్లబోతున్నదల్లా ఆగి, బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చుంది. అలా కూర్చోవడం కోడలికి ఎంత నచ్చిందో చెప్పలేం. లోపల అంత పని ఉంది, ఆమె చెప్పులకి ఒక పట్టీ తెగి ఉంది, పొద్దున్నించి టీ అయినా తాగిందో లేదో. అయినా కూర్చుంది.

"ఊపిరి తీసుకోవడం ఒకెత్తు, వదలడం ఒకెత్తమ్మా. మీ ఆయనకి తీసుకోవడం కంటే వదలడం కష్టం. చెడుగాలి బయటికి పోక లోపలే పేరుకుపోతోంది. ఆయన ఒళ్లు ఎన్నేళ్లుగానో తక్కువ ఆక్సిజన్‌తో సర్దుకుపోయింది. ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే ఆ చెడుగాలి ఇంకా పెరిగి మత్తు కమ్ముతుంది. ఈ ముక్క మీకు మిషను ఇచ్చిన రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం మా వాళ్ల తప్పు. మీరు ఏడవడం తర్వాత, ముందు చెప్పండి, ఆయన ఎవరి మాట వింటారు?"

అత్తగారు కళ్లు తుడుచుకుంది. "ఎవరి మాటా వినరు. ఆయన చెబుతారు, మేం వింటాం."

"అయితే మీరూ కోడలుగారూ లోపలికి రండి. బాబూ, నువ్వు ఇక్కడే ఉండు, లోపల చోటు లేదు. ముందే చెబుతున్నా, సాయంత్రం మళ్లీ రక్తం తీసి చూస్తాను. అప్పటికి తేడా లేకపోయినా, మత్తు పెరిగినా, ఇక ఎదురుచూడను. గొట్టం వేసేస్తాను. గొట్టం మన శత్రువేం కాదు, వేళకి వేస్తే ప్రాణం నిలబెడుతుంది. కాకపోతే అరిగిన ఊపిరితిత్తులకి అది వేశాక మళ్లీ తియ్యడం అంత తేలిక కాదు. అందుకే ఈ తంటా."

లోపల మూడు మంచాలు. మొదటి మంచం మీద ఈత నేర్పే టీచరు, ముక్కులోకి రెండు మెత్తటి గొట్టాలు పెట్టుకుని, వెచ్చటి గాలి రివ్వున లోపలికి పోతుంటే నీరసంగా చెయ్యి ఊపింది. చివరి మంచం మీద ఒక పెద్దాయన, నోట్లో గొట్టంతో, మందుల నిద్రలో ఉన్నాడు. ఆయనకి బదులు వెంటిలేటరే ఊపిరి ఆడిస్తోంది. మధ్య మంచం మీద మామగారు మాస్కుని గడ్డం కిందికి లాక్కుని సిస్టరుతో వాదిస్తున్నారు.

"ఇది... మొహానికి... సరిపోలేదమ్మాయ్. గాలంతా... కళ్లల్లోకి..."

"మాట్లాడొద్దు తాతగారూ. పెట్టుకోండి."

"చెప్పేది... వినవేం?"

కోడలు డాక్టరమ్మ చెవి దగ్గరికి వంగింది. "మరి టీచరుగారికి పెట్టినట్టు మామయ్యకి కూడా ముక్కులోకే పెట్టకూడదా? అదైతే మాట్లాడుకోవచ్చుగా."

"మంచి ప్రశ్నే. ఆవిడ ఊపిరితిత్తులకి నిమోనియా పట్టింది. ఆవిడకి కావలసింది ఆక్సిజన్. అది వెచ్చగా, తడిగా, జోరుగా పంపితే చాలు. వదిలే బలం ఆవిడకుంది. మీ మామగారికి ఆక్సిజన్ కాదు లోటు, తిత్తి ఆడించే బలం లోటు. ఆయన ఛాతీ కండరాలు అలిసిపోయాయి. మాస్కు మిషను ప్రతి ఊపిరికీ వెనకనుంచి తోస్తుంది, వాటికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. అందరికీ ఒకే చెప్పు సరిపోదు కదా?"

అని డాక్టరమ్మ మామగారి పక్కన వంగి, ఆయన్ని తిట్టకుండా, బతిమాలకుండా, మాస్కు తీసి దాని అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూసింది. తర్వాత ఆయన మొహాన్ని చూసింది. బుగ్గలు రెండూ గుంటలు పడి ఉన్నాయి.

"ఆయన చెప్పింది నిజమే సిస్టర్. గాలి పక్కనుంచి పోతోంది. మీ పళ్లేవి తాతగారూ?"

అంతే! కోడలు గబగబా హ్యాండ్‌బ్యాగు తెరిచింది. అద్దం, దువ్వెన, ఇంటి తాళాలు, వాటి కింద చిన్న ప్లాస్టిక్ డబ్బా. అంబులెన్సులో మత్తుగా ఉన్నప్పుడు గొంతులో పడతాయేమోనని కొడుకు తండ్రి పళ్లసెట్టు ఊడదీసి పెళ్లాం చేతికిచ్చాడు.

"అప్పుడు తియ్యడం మంచిదే," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు మెలకువగా ఉన్నారు కనక పెడదాం. మత్తు పెరిగితే మళ్లీ తీసేద్దాం. సిస్టర్, కాస్త కడిగి ఇస్తారా?"

పళ్లు పెట్టగానే బుగ్గలు నిండాయి, మొహం మళ్లీ మామగారి మొహంలా అయింది. అప్పుడైనా డాక్టరమ్మ మాస్కు నేరుగా మొహానికి కట్టెయ్యలేదు. మొదట మిషను గాలి ఆయన అరచేతి మీదికి వదిలింది. "చూడండి, ఇంతే. కరవదు." తర్వాత మాస్కు ఆయన చేతికే ఇచ్చింది. "మీరే పెట్టుకోండి. నచ్చకపోతే మీరే తియ్యండి. పట్టీలు తర్వాత."

ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. కొయ్యకి కొయ్య అతికించే ముందు చూసే చూపు అది. మొహానికి ఆనించుకుని, అంచు సర్దుకుని, మరో పిసరు పైకి జరుపుకున్నారు. బుస్సుమనే శబ్దం ఆగిపోయింది. చూపుడువేలూ బొటనవేలూ కలిపి చూపించారు. జాయింటు కుదిరిందన్నమాట! సిస్టరు అప్పుడు మెల్లగా పట్టీలు బిగించింది.

"మిషనుతో పోట్లాడకండి," అంది డాక్టరమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి. "అది తోసినప్పుడు తీసుకోండి. ఆగినప్పుడు వదిలెయ్యండి. తీసుకోండి... వదిలెయ్యండి." మధ్యమధ్యలో రెండో చేత్తో మిషను మీద ఏదో కొద్దిగా పెంచడం, ఆయన పొట్టనీ మెడనీ చూడడం, మరికాస్త పెంచడం. పిల్లకి సైకిలు నేర్పుతూ వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవాళ్లు గుర్తొచ్చారు కోడలికి. ఎప్పుడు పట్టుకోవాలో వాళ్లకి తెలుసు, ఎప్పుడు వదలాలో కూడా తెలుసు. ఇంత నేర్పు ఉండి, దాన్ని ఇంత మామూలుగా చెయ్యడం ఎలా సాధ్యమో ఆమెకి అంతుపట్టలేదు.

అత్తగారి కళ్లు మాత్రం తెర మీద ఆక్సిజన్ ఎంతుందో చూపించే అంకె మీదే ఉన్నాయి.

"తొంభయ్యేనా! పక్కావిడకి తొంభై ఆరు చూపిస్తోంది. మా ఆయనకి ఇంకాస్త..."

"అమ్మా," అంది డాక్టరమ్మ వెనక్కి తిరక్కుండానే, "ఆ మాట మళ్లీ అనకండి. ఈయన క్లాసు వేరు. ఈయనకి తొంభై అంటే ఫస్ట్ క్లాసు."

అత్తగారు నాలిక్కరుచుకుంది. మాస్కు వెనక మామగారి కళ్లు ఆవిడ వైపు తిరిగి, 'విన్నావా' అన్నట్టు నవ్వాయి.

డాక్టరమ్మ మిగతా మంచాల వైపు వెళ్లిందో లేదో, మామగారి చెయ్యి మాస్కు దగ్గరికి వచ్చేసింది. ఆ నవ్వుతో పాటు ఏదో ఒక మాట కూడా అనాలి. అనకపోతే ఆయనకి అన్నం సయించదు.

"మామయ్యా, వద్దు," అంది కోడలు. చెయ్యి ఆగలేదు. అత్తగారు పట్టుకుంటే విదిలించారు. పట్టీ కింద వేలు దూరింది.

అప్పుడు కోడలికి ఏం తోచిందో ఏమో, వాగడం మొదలుపెట్టింది.

"మీ అబ్బాయి బయట ఏం చేస్తున్నాడో చెప్పనా మామయ్యా? తలుపు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాడు. ముక్కు చప్పిడిగా అయిపోయి... అదిగో, నేను చూశానని పక్కకి తప్పుకున్నాడు. మళ్లీ వచ్చాడు."

చెయ్యి ఆగింది. ఈ పిల్ల ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం ఆయన ఎప్పుడూ వినలేదు.

ఆగితే మళ్లీ చెయ్యి కదులుతుందని ఆమె ఆపలేదు. వరండాలో టీ అమ్మే మనిషి గురించి చెప్పింది. లిఫ్టులో ప్రతి అంతస్తుకీ దండం పెట్టే ముసలావిడ గురించి చెప్పింది. అవి అయిపోయాక చెప్పడానికి ఏమీ మిగల్లేదు, కాపురం తప్ప. మరి కొత్త పెళ్లికూతురి దగ్గర ఇంకేం ఉంటుంది?

"పెళ్లయిన మర్నాడు మీ అబ్బాయి నాకు టీ పెట్టిచ్చాడు మామయ్యా. తాగితే వేడి పాలు, పంచదార. టీపొడి వెయ్యడం మర్చిపోయాడు. నేనేమో, మీ ఇంట్లో టీ ఇలాగే తాగుతారు కాబోలనుకుని బాగుందన్నాను. బాగుందన్నాను కదాని వారమంతా అలాగే పెట్టాడు!"

"హవ్వ!" అంది అత్తగారు. "అది మా ఇంటి పద్ధతి కాదే అమ్మాయ్! నోరు విప్పి చెప్పొద్దూ?"

"నాకు నచ్చేసిందత్తయ్యా. ఇప్పుడు అదే అలవాటైపోయింది. మొన్న పొడి వేసి ఇస్తే, ఏమిటి ఇలా చేశావ్ నువ్వు అని నేనే..."

'నువ్వు' అని పెద్దవాళ్ల ముందు అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామగారి భుజాలు నవ్వుతో కదిలాయి. మాస్కు అంచు లేచి గాలి తుస్సుమంది, మిషను కీచుకీచుమని కేకలు పెట్టింది. సిస్టరు పరిగెత్తుకొచ్చి అంచు సర్దింది.

"కథలు చెప్పండిగానీ నవ్వించకండమ్మా. మీరు నవ్విస్తే మిషను ఏడుస్తోంది."

"సరే, నవ్వు రాని సంగతులు చెబుతా. మా కాలేజీలో లెక్కల మాస్టారు..." అని అందుకుంది కోడలు. కాలేజీ పాఠాలన్నీ ఒక్క రోజులో అప్పజెప్పినట్టయింది. గొంతు బొంగురు పోయింది. అత్తగారు నీళ్లసీసా అందించింది. అందులో ఒక గుక్క ఆయనకి కూడా పోద్దామా అని చూస్తే సిస్టరు గుడ్లురిమింది. గాలి తోసే మాస్కు ఉన్నప్పుడు కడుపులో ఏమీ పడకూడదట, వాంతి అయితే ఊపిరికే మోసం. ఆవిడ సీసా వెనక్కి తీసుకుని, జీవితంలో మొదటిసారి ఎవరికీ ఏమీ వడ్డించకుండా, భర్త పాదాలు వొళ్లో పెట్టుకుని కూర్చుంది.

కిటికీలో ఎండ గోడ మీదికి, గోడ మీంచి పైకప్పుకి పాకింది. మామగారి చేతులు దుప్పటి మీద ఊరికే పడి ఉన్నాయి. మెడ దగ్గర పొద్దున్న ఎగిరెగిరి పడిన కండ ఇప్పుడు నెమ్మదిగా కదులుతోంది. కోడలు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన కళ్ల వైపు చూసింది. మూసుకుని ఉన్నాయి.

"మామయ్యా?"

పలకలేదు.

కోడలు మంచం మీదికి వంగింది. పొద్దున్న కూడా ఇలాగే. మత్తు పెరిగితే ఇక ఎదురుచూడనని డాక్టరమ్మ అంది. ఇది మత్తా, నిద్రా? "మామయ్యా!" అని భుజం కుదిపింది. అత్తగారి చేతులు ఆ పాదాల మీద బిగుసుకున్నాయి. అద్దం అవతల కొడుకు మొహం పాలిపోయింది.

సిస్టరు వచ్చి చెవి దగ్గర గట్టిగా పిలిచింది. "తాతగారూ! కళ్లు తెరవండి!"

ఒక కన్ను తెరుచుకుంది. విసుగ్గా సిస్టరుని చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. దుప్పటి మీంచి చెయ్యి లేచి, వేళ్లు గుండ్రంగా తిరిగాయి. ఆగావేం, కానియ్, లెక్కల మాస్టారు ఏమయ్యాడు?

కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ఏది ముందు రావాలో తెలియక రెండూ ఆగిపోయాయి.

అప్పుడే డాక్టరమ్మ వచ్చి మణికట్టు దగ్గర రక్తం తీసి పంపింది. ఫలితం వచ్చేదాకా అత్తాకోడళ్లు తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు. మిషను ఒక్కటే తోస్తూ, ఆగుతూ, తోస్తూ, ఆగుతూ ఉంది. కాగితం వచ్చింది. డాక్టరమ్మ నిలబడే చదివింది. ఆమె మొహంలో పెద్ద మార్పేమీ లేదు. ఒక్కటే చేసింది: మంచం పక్కన సిద్ధంగా ఉంచిన గొట్టం తట్టని తన చేత్తోనే తీసి అల్మారాలో పెట్టేసింది.

"చెడుగాలి బాగా తగ్గింది. దాని వల్ల రక్తంలో పెరిగిన ఆమ్లం కూడా తగ్గుముఖం పట్టింది. గొట్టం అక్కర్లేదు."

అత్తగారు ఆమె చేతులు పట్టుకోబోతే వారించింది. "నాదేముందమ్మా. ఊపిరి ఆయనది. మాస్కు ఓర్చుకున్నది ఆయన. మీ కోడలైతే నా డ్యూటీ సగం చేసింది." కోడలి చెవులు ఎర్రబడ్డాయి. ఎన్ని పరీక్షలు పాసైనా ఇంత గర్వం ఆమెకి కలగలేదు. కానీ తన మాటలకి ఇంత చోటు ఇచ్చింది ఎవరో ఆమెకి తెలుసు. ఏది ఎవరికి కావాలో చూసి, పళ్లు లేని బుగ్గ దాకా చూసి, ఆగవలసిన చోట ఆగి, అవసరమైతే అడుగు వెయ్యడానికి పక్కనే సిద్ధంగా నిలబడ్డ ఈ పట్టీ తెగిన చెప్పుల మనిషి.

కొడుకుని కూడా లోపలికి రానిచ్చారు. అతను తండ్రి నుదురు తాకి, ఏం మాట్లాడాలో తెలియక, పెళ్లాం పక్కన వచ్చి నిలబడ్డాడు. "టీపొడి సంగతి అద్దంలోంచి కూడా అర్థమైంది," అన్నాడు గుసగుసగా. "అమ్మ నన్ను చూసిన చూపుకి." ఈసారి అందరి ముందే ఆమె అతని వేలు పట్టుకుంది.

మామగారు డాక్టరమ్మ వైపు చెయ్యి చాపి, మాస్కు చూపించి, కనుబొమలు ఎగరేశారు. ఎప్పటిదాకా?

"ఈ రాత్రంతా ఉండాలి, అదేం మార్చలేను," అంది డాక్టరమ్మ, ఆయనకి వినబడేలా, అందరికీ తెలిసేలా. "రేపు పొద్దున్న నేను రాగానే మాస్కు తీసి, ముక్కుకి సన్నగొట్టం పెట్టి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెడతాం. మెత్తగా ఏదైనా నాలుగు ముద్దలు తినొచ్చు. ఊపిరి నిలకడగా ఉంటే మధ్యాహ్నం దాకా మాస్కు లేకుండా చూద్దాం. అలిసిపోతే మళ్లీ పెడదాం. ముగ్గురూ పొద్దున్నే రండి."